పంటి పింగాణి: పాలు, నీరు



అనంతపురము సీమలో కఱవు వచ్చినపుడెల్ల మనవారు నూతులను లోతుగా త్రవ్విరి. పిదప బోరులు దింపిరి. రాతి పొరలలో చిరకాలము నిలిచిన ఆ నీటిలో పలుచోట్ల ఫ్లోరైడు మిక్కుటము. పసితనమున దానిని త్రాగిన బిడ్డల పండ్లపై గోధుమవన్నె మచ్చలు తేలినవి.

తెలుగునేలపై ఈ జాడ్యమును గూర్చి 1937లో షార్టు దొరయు, ఆయన సహచరులును నాటి నెల్లూరు జిల్లాలో శోధించి ప్రకటించిరి. వెన్నెముక బిగిసిపోయిన వారిని గూడ అచ్చట చూచిరి.

పాలు త్రాగినచో ఆ మచ్చలు పోవునా? పోవు. పాల మేలు వేఱు. తీపి తిన్న పిమ్మట నోట బుట్టు ఆమ్లము పింగాణిలోని ఖనిజమును కరగించును. పాలలోని కేసీను అను మాంసకృత్తు కాల్షియమును, ఫాస్ఫేటును పట్టియుంచి పంటికి మరల నందించును. మెల్బోర్నులో ఎరిక్ రేనాల్డ్సు 1980ల నుండి దీనిని శోధించి, కేసీను శకలములతో పంటిమందు కూర్చెను. పన్ను పుచ్చి గుంట పడకమునుపే దాని ప్రయోజనము.

మచ్చ రాకుండ కాపాడునది మంచినీరే. 1990ల దశకమున శ్రీ సత్యసాయి సంస్థ అనంతపురము జిల్లాలో 700కు పైగా గ్రామములకు నీరు తెచ్చెను. కావున పెద్దలారా, బిడ్డకు పాలు పోయుడు. వాడు త్రాగు నీటిని గూడ పరీక్ష చేయింపుడు.