ఇందూరు మైదానము నుండి ఇస్తాంబూలు వరకు

మేడారము గద్దెలపై కొలువుదీరు సమ్మక్క సారలమ్మలు యుద్ధము చేసిన స్త్రీలని ఈ ప్రాంతమున నెఱుగనివారు లేరు. కాకతీయ సైన్యము నెదిరించి తల్లియు కూతురును పోరాడిరని ఐతిహ్యము. రెండేండ్ల కొకసారి మాఘ పౌర్ణమికి లక్షలాది జనము చేరి, బెల్లమును బంగారముగ నెంచి వారికి సమర్పించుచున్నారు. పోరాడిన స్త్రీని దేవతగ కొలుచు ఈ తెలంగాణముననే, ఒక బాలిక పోరు నేర్తునన్నప్పుడు అది ఆడపిల్లలకు తగదన్న మాట వినవలసివచ్చెను. ఆ మాట ఎట్లు వమ్మయినదో తెలుపు చరిత్ర ఇందూరుది, అనగా నేటి నిజామాబాదు పట్టణముది.

తెలంగాణమునకు మల్లవిద్య క్రొత్త గాదు. పూర్వము తాలీములలో వస్తాదుల యెదుట పిల్లలు ఒంటికి మట్టి పూసికొని కుస్తీపట్లును, కఱ్ఱసామును నేర్చెడివారు. అవి మగపిల్లల తావులు. పడమటి దేశములనుండి వచ్చిన ముష్టియుద్ధము, అనగా బాక్సింగు, వానికి తోడయ్యెను. చేతులకు మెత్తని తొడుగులు వేసికొని, చుట్టును త్రాళ్లు కట్టిన వేదికపై, తమ బరువు తరగతికి చెందిన ప్రత్యర్థితో తలపడుట ఈ విద్య. నడుమునకు పైభాగమున తగిలిన దెబ్బలే లెక్కకు వచ్చును. ఐదుగురు న్యాయనిర్ణేతలు గెలుపోటములు తేల్తురు.

నిజామాబాదులో సంసాముద్దీన్‌గారు ఈ విద్యను బాలురకు నేర్పుచుండిరి. తమ కుమారులకును దానినే నేర్పిరి. వారిలో 1994లో జన్మించిన హుసాముద్దీన్ సైన్యమున చేరి, దేశము పక్షమున పోటీలకు దిగెను.

1996 జూన్ 14న ఆ పట్టణముననే జన్మించిన నిఖత్ జరీన్ మొదట పరుగుపందెములకు సాధన చేయుచుండెను. కలెక్టరేటు మైదానమున తక్కిన ఆటలందు బాలికలు కనబడుటయు, ముష్టియుద్ధమున మాత్రము లేకుండుటయు చూచి, కారణమేమని తండ్రి జమీల్ అహ్మద్‌గారి నడిగెను. ఆడపిల్లల కంత బలము లేదని లోకులు తలంతురని ఆయన బదులు చెప్పిరి. ఆ సమాధానమే ఆమెకు పంతమయ్యెను.

తోడి బాలికలు లేకుండుటచే బాలురతోనే సాధన సాగెను. ముఖము కమిలి ఇల్లు చేరిన కూతురిని చూచి, ఇక దీని నెవరు పెండ్లాడుదురని తల్లి కంటతడి పెట్టెను. ఆమె ధరించు ఆటదుస్తులను గూర్చి బంధువులు నాలుగు మాటలనిరి. ఆ మాటలు పట్టించుకొనక ఆటపై మనసు నిలుపుమని తండ్రి ధైర్యము చెప్పిరి.

2009లో విశాఖపట్టణములోని భారత క్రీడాప్రాధికార సంస్థ కేంద్రమున ఆమెకు ప్రవేశము లభించెను. అచట ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావుగారు శిక్షణ నిచ్చిరి. ఆ యేడు ఆగస్టులోనే అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము స్త్రీల ముష్టియుద్ధమును ఒలింపిక్ క్రీడలలో చేర్ప నిర్ణయించెను. స్త్రీలకు ప్రపంచ పోటీలు మొదలైనదే 2001లో. అనగా లోకమంతటను ఆ తలుపు అప్పుడప్పుడే తెఱచుకొనుచుండెను. 2011లో టర్కీ దేశపు అంతాల్యా నగరమున జరిగిన బాలికల ప్రపంచ పోటీలలో నిఖత్ స్వర్ణపతకము గెలిచెను.

పిమ్మట కష్టకాలము వచ్చెను. 2017లో భుజము తప్పి చాలకాలము వేదికకు దూరమయ్యెను. 2019లో ఒలింపిక్ అర్హతపోటీలకు సుప్రసిద్ధ యోధురాలు మేరీ కోమ్‌ను పరీక్ష లేకయే ఎంపిక చేయుదురను మాట రాగా, తగిన పరీక్షాపోటీ జరిపింపుడని నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి లేఖ వ్రాసెను. డిసెంబరు నెలలో ఆ పోటీ జరిగెను; నిఖత్ 9-1 తేడాతో ఓడెను. కోరి తెచ్చుకొన్న పోటీలో ఓడుట చిన్న బాధ గాదు. కాని అర్హత బరిలోనే తేలవలెనని అడుగుటలో తప్పు లేదు. ఆమె మఱల సాధనకు పోయెను.

2022 మే 19న ఇస్తాంబూలు నగరమున, ప్రపంచ పోటీల 52 కిలోల విభాగమున, థాయిలాండు యోధురాలు జిట్పాంగ్ జుటామాస్‌ను 5-0తో నిఖత్ జయించెను. ఐదుగురు న్యాయనిర్ణేతలును ఆమెకే విజయము నిచ్చిరి. ప్రపంచ స్వర్ణము గెలిచిన భారత స్త్రీలలో ఆమె ఐదవది. ఆ యేడు ఆగస్టులో ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరమున జరిగిన కామన్వెల్తు క్రీడలలో నిఖత్ స్వర్ణమును, హుసాముద్దీన్ కాంస్యమును గైకొనిరి. ఒకే పట్టణమున తొడుగులు ధరింప నేర్చిన ఇరువురు ఒకే క్రీడోత్సవమునుండి పతకములతో తిరిగివచ్చుట నిజామాబాదు చరిత్రలో వ్రాసికొనదగిన విషయము.

2023 మార్చిలో ఢిల్లీయందు నిఖత్ రెండవసారి ప్రపంచ స్వర్ణము గెలిచెను. ఆ సంవత్సరమే తాష్కెంటులో పురుషుల ప్రపంచ పోటీలందు హుసాముద్దీన్ మోకాటి గాయముచే సెమీఫైనలునుండి వైదొలగి కాంస్యముతో తృప్తి పడవలసివచ్చెను. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో నిఖత్ చైనా యోధురాలు వూ యూ చేతిలో ఓడి, పతకము లేకయే తిరిగివచ్చెను. జయమువలెనే అపజయమును బరిలో భాగమే.

ఈ చరిత్రలో మిక్కిలి పెద్ద విజయము ఇస్తాంబూలుది కాకపోవచ్చును. పిల్ల అడిగిన ప్రశ్నను తండ్రి కసరి పంపక ఆలకించుట, బాలురకే పరిమితమైన మైదానమున గురువు ఒక బాలికకు చోటిచ్చుట, తల్లి కన్నీరు తుడుచుకొని మఱునాడును కూతురిని సాధనకు పోనిచ్చుట — ఈ మూడును నిజామాబాదులోనే జరిగినవి. ఇవి జరుగకున్న ఇస్తాంబూలు ఊసే లేదు. ఇందులకు ధనము గాని, గొప్ప భవనము గాని అక్కఱ లేదు. ఏ గ్రామమునకైనను ఇవి సాధ్యములే. గద్దెలపై వీరవనితలను నిలిపి మ్రొక్కు గ్రామమునకు మఱింత సాధ్యములు.