మార్గిట్ కర్ర ఎత్తి ఆగినప్పుడు

స్టార్మ్‌వేల్ కోట ముందున్న రాతి వంతెన మీద నిలబడ్డారు మీరు. గాలి హోరు తప్ప ఇంకో చప్పుడు లేదు. పైనుంచి దూకిన మార్గిట్ మీ వైపే నడిచొస్తున్నాడు. తల నిండా వంకర కొమ్ములు, ఒంటి మీద చిరుగుల దుప్పటి, చేతిలో మెలికలు తిరిగిన కర్ర. పరుగెత్తడం లేదు. ఆ తాపీ నడకే గుండె జారేలా చేస్తుంది.

కర్ర పైకెత్తాడు. కొట్టేస్తాడనుకుని మీరు సర్కిల్ బటన్ నొక్కారు. మీ సమురాయ్ పక్కకి దొర్లి లేచాడు. కర్ర ఇంకా గాల్లోనే ఉంది. మీరు పూర్తిగా లేచి నిలబడ్డాక, అప్పుడు దింపాడు. మీ ప్రాణాన్ని చూపే ఎర్ర గీతలో పెద్ద ముక్క ఎగిరిపోయింది. వెనక్కి పరిగెత్తి ప్రాణం నింపే ఫ్లాస్క్ ఎత్తబోతే వెలుగుతో చేసిన కత్తులు ఎగిరొచ్చి గుచ్చుకున్నాయి. తెర మీద మీరు చచ్చిపోయారన్న ఎర్రక్షరాలు. లెవెల్ పెంచుకోవడానికి సంపాదించిన రూన్లన్నీ ఆ వంతెన మీదే పడిపోయాయి.

2022 ఫిబ్రవరి 25న ఎల్డెన్ రింగ్ ఆట వచ్చిన దగ్గర్నుంచి చాలామందికి మొదటి గట్టి దెబ్బ తగిలింది ఈ వంతెన మీదే. ఈ లోకపు పురాణగాథ జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాశాడు, ఆటని నడిపించింది ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ దర్శకుడు హిడెటాకా మియజాకి. మియజాకి బృందం మార్గిట్‌ని కోట గుమ్మంలో నిలబెట్టడం గొప్ప ఆలోచన అని నా నమ్మకం. క్రికెట్‌లో స్లో బాల్ వేసే బౌలర్ చెయ్యి మామూలు వేగంతోనే తిరుగుతుంది, బంతే ఆలస్యంగా వస్తుంది. బ్యాట్ ముందే ఊపినవాడు దొరికిపోతాడు. మార్గిట్ చేసేదీ అదే. అంతవరకూ చిన్నచిన్న సైనికుల మీద పనికొచ్చిన మీ కంగారు వేలు ఇతని ముందు పనికిరాదు.

వంతెనకి ముందున్న సొరంగంలో, మళ్ళీ బతికి లేచే చోటైన గ్రేస్ దగ్గర కళ్ళు తెరిచారు. బంగారు వెలుగు పక్కన కూర్చుని లెవెల్ పెంచే పేజీ తీశారు. సమురాయ్ మొదలయ్యేది 9వ లెవెల్‌లో: వైగర్ 12, ఎండ్యూరెన్స్ 13, స్ట్రెంగ్త్ 12, డెక్స్‌టెరిటీ 15. చేతిలోని ఉచిగతానకి కావలసింది స్ట్రెంగ్త్ 11, డెక్స్‌టెరిటీ 15. అంటే కత్తి పట్టడానికి కావలసినంత బలం మీకు మొదటి రోజే ఉంది. అయినా వేలు డెక్స్‌టెరిటీ వైపే లాగుతోంది కదూ? పాయింటు పెడితే దెబ్బ బలం పెరుగుతుందని ఆశ. ఒకసారి పెట్టి, ఖాయం చేయకుండా, పక్కనున్న అంకెలు చూడండి. కొత్త కత్తి మీద పెరిగేది మహా అయితే ఒకటో రెండో. దానికోసం లెవెల్ ఖర్చు చేస్తారా?

వైగర్‌లో పెట్టండి. ఎందుకో లెక్క చూపిస్తాను. వైగర్ 25 దగ్గర మీ ప్రాణం 800. 40కి చేరితే 1,450. ఆ మధ్యలో ఒక్కో పాయింటు 40కి పైగా ప్రాణం పోస్తుంది. 40 నుంచి 60కి వెళ్తే 1,900. ఒక్కో పాయింటు విలువ సగానికి పడిపోయినా ఇంకా గిట్టుబాటే. 60 దాటి 99 దాకా వెళ్తే మొత్తం కలిపి వచ్చేది 200 మాత్రమే. అందుకే ఆట తెలిసినవాళ్ళంతా 40, 60 అంకెల దగ్గర ఆగి ఆలోచిస్తారు. నా మాట ఇంకొంచెం గట్టిగా ఉంటుంది: మంత్రగాడైనా, కత్తివాడైనా, మొదటి కోట దాటేలోపు సగం లెవెళ్ళు వైగర్‌కే ఇవ్వాలి. ప్రాణం ఎక్కువుంటే శత్రువుని చదవడానికి ఇంకొన్ని క్షణాలు దొరుకుతాయి. ఒక్క దెబ్బకి పోయేవాడికి రెండో దెబ్బ ఎలా వస్తుందో ఎప్పటికీ తెలీదు.

మరి దెబ్బ బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? కత్తికి సాన పడితే వస్తుంది. మీ గుర్రం టోరెంట్‌ని పిలిచి ఎక్కండి. కొండ దిగి లిమ్‌గ్రేవ్ గనిలోకి వెళ్ళండి. గోడల్ని తవ్వుతున్న గని పనివాళ్ళ పక్కనే రాతిలో తళుక్కుమనేవి కత్తికి సాన పట్టే స్మిథింగ్ స్టోన్లు. కత్తిని +1 చేయడానికి రెండు రాళ్ళు, +2కి నాలుగు, +3కి ఆరు కావాలి. ఎల్లే చర్చి శిథిలాల్లో, కాలే అనే వ్యాపారి చలిమంటకి దగ్గర్లో ఉన్న దాగలి మీద +3 దాకా మీరే చేసుకోవచ్చు. పన్నెండు రాళ్ళతో కత్తికి వచ్చే పదును, డెక్స్‌టెరిటీలో మీరిప్పుడు పోయగలిగే లెవెళ్ళతో రాదు.

చీకటి పడితే అదే చర్చిలో, కూలిన గోడ మీద పెద్ద టోపీ పెట్టుకుని రెన్నా అనే మంత్రగత్తె కూర్చుని ఉంటుంది. ఆమె ఇచ్చే గంటతో మూడు తోడేళ్ళ ఆత్మల్ని పిలవచ్చు. వాటి సాయం తీసుకుంటే నిజంగా గెలిచినట్టు కాదనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. తయారుచేసినవాళ్ళు ఆ గంటని మొదటి చర్చిలోనే మన చేతికిచ్చింది మోగించడానికే.

అక్కణ్ణుంచి దక్షిణంగా ఇంకో వంతెన దాటి వీపింగ్ పెనిన్సులాకి. వాన, తడిసిన గడ్డి, పాడుబడ్డ చర్చిలు. అక్కడి చర్చిల్లో దొరికే సేక్రెడ్ టియర్లతో ఫ్లాస్క్ గుక్కకి బలం పెరుగుతుంది. గోల్డెన్ సీడ్లతో గుక్కల సంఖ్య పెరుగుతుంది. దారిలో దొరికిన ఇనుప కవచం తొడిగి చూశారు. రోల్ చేస్తే బస్తా పడ్డట్టు దబ్బుమంది. మోయగలిగిన బరువులో 70 శాతం దాటారన్నమాట. శిరస్త్రాణం తీసేయండి, చాలకపోతే చేతి తొడుగులు కూడా. ఇనుము ఆపే దెబ్బ కంటే చురుకైన రోల్ తప్పించే దెబ్బలే ఎక్కువ. భారీ కవచమే ముద్దనుకుంటే ముందు ఎండ్యూరెన్స్ పెంచాలి.

మళ్ళీ వంతెన. పొగమంచు తెర దాటి లోపలికి అడుగుపెట్టగానే గంట మోగించారు. మూడు తోడేళ్ళూ మార్గిట్ మీదికి ఉరికాయి. అతను వాటి వైపు తిరిగాడు. వీపు మీకు దొరికింది. గట్టి దెబ్బ వేసే హెవీ బటన్ నొక్కి పట్టుకోండి, కత్తి వెనక్కి లాగి నిండుగా బిగిసేదాకా వదలొద్దు. తగిలింది! మళ్ళీ. ఇలాంటి బిగించిన దెబ్బలూ, ఎగిరి కొట్టే దెబ్బలూ ప్రాణాన్ని తీయడమే కాకుండా శత్రువు నిలకడని లోపల్లోపల విరగ్గొడతాయి. దానికి తెర మీద గీత ఉండదు. మీరు వెనక్కి తగ్గి ఊరుకుంటే ఆ నిలకడ మెల్లగా తిరిగొస్తుంది కూడా. అందుకే ఊరికే చుట్టూ తిరిగేవాడికి పని కాదు.

మీ వైపు తిరిగాడు. కర్ర పైకెత్తాడు. వేలు బటన్ మీదే ఉంచండి, నొక్కకండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఈ ఆటలో రోల్ జరిగేది బటన్ నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. నొక్కి పట్టుకుంటే అది పరుగు. భయంతో బటన్‌ని గట్టిగా అదిమేవాళ్ళకి రోల్ ఆలస్యమయ్యేది అందుకే. తేలిగ్గా తట్టి వదలాలి. కర్ర ఇంకా పైనే ఉంది... ఉంది... మోచెయ్యి కదిలింది. ఇప్పుడు! వెనక్కి కాదు, ముందుకి, అతని చంక కిందికి. వెనక్కి దొర్లితే కర్ర కొస అందుకుంటుంది. ముందుకి దొర్లితే మీరు అతని పక్కటెముకల దగ్గర లేస్తారు, కర్ర ఖాళీ రాతిని కొడుతుంది.

రెండు దెబ్బలు వేయండి. మూడోది వద్దు. మీ ఓపికని చూపే ఆకుపచ్చ గీత చూశారా, సగమే మిగిలింది. అది నిండుకుంటే రోల్ రాదు. ఉచిగతాన తగిలిన ప్రతిసారీ రక్తస్రావం లోపల పేరుకుంటుంది. ఇంకో నాలుగైదు తగిలాక ఎర్రటి జల్లు ఎగసింది. అతని గీతలోంచి పెద్ద ముక్క ఒక్కసారిగా తెగిపడింది. ఉచిగతాన ఇంతమందికి ఇష్టం కావడానికి కారణం ఇదే.

సగం ప్రాణం పోయేసరికి చేతిలో వెలుగు సుత్తి పుట్టింది. పైకెగిరాడు. నీడ మీ మీదికి వస్తోంది. కంగారులో రెండుసార్లు బటన్ తట్టారా, రెండో రోల్ కూడా మీరు వద్దనుకున్నా జరిగి తీరుతుంది. ఒక్కసారే తట్టండి, సుత్తి దిగే క్షణంలో. నేల అదిరింది, మీకు తగల్లేదు. ఎగిరి కొట్టండి. ఖణేల్‌మని చప్పుడు, మార్గిట్ ఒక మోకాలి మీద కూలబడ్డాడు. నిలకడ విరిగింది. ముఖానికి ఎదురుగా వెళ్ళి తేలిక దెబ్బ బటన్ నొక్కండి. కత్తి లోపలికంటా దిగుతుంది. తోడేళ్ళలో ఒకటే మిగిలింది. మార్గిట్ ప్రాణంలో చివరి గీటుని అదీ మీరూ కలిసి తీసేశారు.

12,000 రూన్లు, ఒక టాలిస్మన్ సంచి మీ చేతికొచ్చాయి. ఆ సంచితో రెండో టాలిస్మన్ కూడా ధరించొచ్చు. కొత్తగా వెలిగిన గ్రేస్ దగ్గర కూర్చుని ఆ రూన్లు ఎటు పెట్టాలా అని చూస్తున్నారు. వైగర్ ఇంకా 25కి చేరకపోతే అటే. చేరితే, ఇప్పుడు డెక్స్‌టెరిటీ వైపు మెల్లగా జరగొచ్చు. కత్తి పదునెక్కేకొద్దీ అక్కడ పెట్టిన పాయింటుకి విలువ పెరుగుతుంది. తప్పు చోట పెట్టామేమో అన్న బెంగ వద్దు. ముందు ముందు రాయా లుకారియా విద్యాపీఠంలో రెన్నాలా అనే బాస్‌ని గెలిచాక, ఆమెకి లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి ఇస్తే పాయింట్లన్నీ మొదటి నుంచి మళ్ళీ పంచుకోవచ్చు.

కోట తలుపు పక్క గదిలోంచి గోస్టాక్ అనే కాపలావాడు తొంగి చూస్తూ పిలుస్తాడు. పెద్ద గుమ్మం తెరిపిస్తే ఎదురుగా పెద్ద పెద్ద బాణాలు విసిరే యంత్రాలుంటాయి. వైగర్ ఎంత పెంచినా ఈ లెవెల్‌లో ఆ బాణాలకి ఎదురెళ్ళడం దండగ. గోడ పక్కగా, కొండ అంచు వెంబడి పోయే దొంగదారి పట్టండి.