అడవిలేడి యెవరిది?



పొలముగట్టున మేయు లేడి యెవరి సొత్తు? దానిని కొట్టినవాడు మాంసమును తాను తినవచ్చునా, సంతలో నమ్మవచ్చునా? ఈ చిన్నప్రశ్నకు దేశదేశమునను వేఱువేఱు సమాధానములు చెప్పిరి. ఆ సమాధానముల వలన కొందఱు ఉరికంబ మెక్కిరి. ఒక పక్షిజాతి సమూలముగా నశించినది.

మొదట ఇంగ్లండు మాట. 1066లో ఆ దేశమును జయించిన విలియము రాజు విశాలమైన భూములను తన వేటకై ప్రత్యేకించి, వానికి వేఱు శాసనముల నేర్పఱచెను. ఆ యెల్లలలోని రైతు తన పైరును మేయు జింకను సైతము కొట్టరాదు. 1671 నాటి చట్టము మఱింత విచిత్రమైనది. ఏటికి నూఱు పౌనుల రాబడి గల సొంతభూమి యున్నవాడును, అంతటి హోదా గల మఱికొందఱును మాత్రమే కుందేలును, కౌజును వేటాడ నర్హులు. చిన్నరైతు తన చేనిలో దూరిన కుందేలును పట్టినను నేరస్థుడే. 1723లో ముఖమునకు మసిపూసికొని జింకలను కొట్టువారికి మరణశిక్ష విధించిరి. 1755లో వేటమాంసపు విక్రయమునే నిషేధించిరి. ఇది మృగములపై జాలిచేత గాదు. భూస్వాములు ఒకరికొకరు కానుకగా పంపుకొను మాంసము అంగడిలో దొరకినచో దాని గౌరవమేమి? అయినను లండను వర్తకులు దొంగవేటగాండ్రవద్ద రహస్యముగా కొనుచునే యుండిరి. తుదకు 1831లో భూమి యర్హతను తీసివేసి, అనుమతి పొందిన వర్తకులు అమ్మవచ్చునని చట్టము చేసిరి.

ఆ దొరతనపు కట్టుబాట్లు అమెరికాలో వేరూనలేదు. తుపాకి గలవాడెల్ల వేటకాడే, మాంసము బజారుసరకే. ఆకాశమును కప్పివేయుచు ఎగురు ఒకజాతి అడవిపావురములు అక్కడ కోట్లకొలది యుండెడివి. అవి గూళ్లు కట్టినచోటిని తంతివార్త తెలుపగా వేటగాండ్రు మూగి, చంపిన పిట్టలను పీపాలకెత్తి రైలుబండ్లపై నగరములకు పంపిరి. వానిలో కడపటి పక్షి 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుశాలలో, పంజరమునందు మరణించినది. అప్పటికే 1900లో, ఒక రాష్ట్రమున చట్టవిరుద్ధముగా కొట్టిన మృగమును వేఱొక రాష్ట్రమునకు చేరవేయరాదని కేంద్రశాసన మొకటి వచ్చెను. నేడు అక్కడ లైసెన్సు గలవాడు తాను కొట్టిన అడవిజింకను తినవచ్చును, మిత్రునకు పంచవచ్చును, సాధారణముగా అమ్మరాదు. అలాస్కాలో తినదగిన మాంసమును అడవిలో విడిచివచ్చుటయు నేరమే. విక్రయనిషేధ మొక్కటే, ఇంగ్లండులో అది హోదాను కాచెను, ఇచ్చట మిగిలిన మృగములను కాచినది.

జర్మనీ సంగతి రైతులు శ్రద్ధగా వినదగినది. ప్రభువుల అడవిపందులు పైరులు త్రొక్కుచుండగా చేతులు ముడుచుకొని చూచిన ఆ దేశపు రైతులు 1848 విప్లవములో ఆ హక్కును కూలద్రోసిరి. వేటహక్కు భూమితో ముడిపడినది. నేడు చిన్నకమతముల వారెల్లరు ఒక సంఘముగా చేరి వేటను కౌలుకిచ్చి, వచ్చిన సొమ్మును పంచుకొందురు. పంది పైరు పాడుచేసినచో సాధారణముగా కౌలుదారుడైన వేటకాడే నష్టము చెల్లించును. మాంసము నమ్ముటయు తప్పుగాదు. పందిమాంసమును మాత్రము ముందుగా పురుగుపరీక్షకు పంపవలెను. పడిన జింక నోట పచ్చనికొమ్మ నొకదానిని కడపటి కబళముగా ఉంచుట అక్కడి వేటగాండ్ర ఆచారము. ఆ మర్యాద నాకు మెచ్చదగినదిగానే తోచుచున్నది.

మన దేశమున ఈ ప్రశ్న మిక్కిలి పాతది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండపై అశోకుని శాసనములు నేటికిని ఉన్నవి. తన వంటశాలలో లక్షలకొలది ప్రాణులు చచ్చెడివనియు, ఇప్పుడు రెండు నెమళ్లును ఒక లేడియు మాత్రమే, ఆ లేడియు నిత్యము గాదనియు, ఇకమీదట అవియు చంపబడవనియు ఆయన ప్రకటించెను. రాజు తన వంటింటి లెక్కను ప్రజలకు అప్పగించుట సామాన్యవిషయము గాదు. వేటయాత్రలను మాని ధర్మయాత్రలు చేసితినని వేఱొక శాసనమున చెప్పుకొనెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము రాజుతోగాక అందఱితోను వేట మాన్పించినది. పైరును పాడుచేయు మృగమును చంపుటకు అధికారి యనుమతి కావలెను. అట్లు చంపినదియు ప్రభుత్వపు సొత్తే. వినోదమునకు పులిని కొట్టిన జమీందారునకును, కూటికై కుందేలును కొట్టిన నల్లమల చెంచునకును ఆ చట్టము ఒకే గీత గీసినది. 2006లో అటవీహక్కుల చట్టము తేనెపై, దుంపలపై చెంచునకు హక్కు వ్రాసియిచ్చినది. వేటను మాత్రము పేరుపెట్టి మినహాయించినది.