ఖరగ్‌పూర్ జంక్షన్ నుంచి యు.ఎస్.బి. హబ్ దాకా

విద్యార్థులారా! మీలో ఎవరైనా విశాఖపట్నంలో హౌరా రైలెక్కి ఉంటే ఖరగ్‌పూర్ స్టేషనును చూసే ఉంటారు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో పెరిగిన ఊరు అది. రైల్వే పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉండటం వల్ల ఆ బజార్లలో ఇవాళ్టికీ తెలుగు వినబడుతుంది. హౌరా, టాటానగర్, ఆద్రా, భద్రక్ వైపుల నుంచి వచ్చే పట్టాలన్నీ అక్కడ కలుస్తాయి.

పక్కనే హిజ్లీ ఉంది. 1931 సెప్టెంబరు 16న అక్కడి నిర్బంధ శిబిరంలో జరిగిన పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. 1951లో మన దేశపు మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైంది ఆ శిబిరం భవనంలోనే. ఆ చరిత్ర వేరే పాఠానికి సరిపోయేంత ఉంది. ఈ పాఠానికి మాత్రం మనకు హిజ్లీ రైల్వే స్టేషను చాలు. టాటానగర్ వైపు నుంచి పూరీ వెళ్లవలసిన రైలు ఖరగ్‌పూర్‌లోకి వస్తే, ఇంజను విప్పి రెండో కొసకు తగిలించుకోవాలి. అందుకే పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ వంటివి జంక్షనులోకి రాకుండా, హిజ్లీలో ఆగి అటునుంచి అటే వెళ్తాయి. అన్నిటినీ ఒక్క కూడలికి తెచ్చి కలపడం మేలా, కూడలితో పని లేకుండా నేరుగా కలపడం మేలా? 1990లలో కంప్యూటరు ఇంజనీర్లు వాదించుకున్నది సరిగ్గా ఈ ప్రశ్న మీదే.

ఆనాటి కంప్యూటరు వెనుక వైపు చూస్తే ఎవరికైనా తల తిరిగేది. మోడెముకు సీరియల్ పోర్టు, ప్రింటరుకు వెడల్పాటి పారలల్ పోర్టు, కీబోర్డుకూ మౌసుకూ చెరొక గుండ్రటి పోర్టు. స్కానరు, బయటి డిస్కు కావాలంటే స్కజీ కార్డు. స్కజీలో పరికరాలను గొలుసుగా కట్టి, ఒక్కొక్కదానికి మనమే సంఖ్య కేటాయించి, చివర టెర్మినేటరు పెట్టాలి. రెండు పరికరాలకు పొరపాటున ఒకే సంఖ్య పడితే ఇక ఆ సాయంత్రం దానితోనే సరి!

1994లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐ.బి.ఎం., కాంపాక్, డి.ఇ.సి., ఎన్.ఇ.సి., నార్తర్న్ టెలికాం అనే ఏడు సంస్థలు కలిసి దీనికి ఒక మార్గం వెతకడం మొదలుపెట్టాయి. 1996 జనవరిలో యు.ఎస్.బి. 1.0 వెలువడింది. ఇంటెల్‌లో ఈ పని చేసిన బృందంలో ముఖ్యుడు వడోదరలో చదువుకున్న అజయ్ భట్. ఆయనకూ, బాల కాదంబి తదితర సహచరులకూ 2013లో యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డు లభించింది.

ఈ పద్ధతికి గుండెకాయ హబ్. ఒక పోర్టును నాలుగో ఏడో చేసే పెట్టె అని మనం అనుకుంటాం కానీ, అది చేసే పని అంతకంటే ఎక్కువ. కొత్త పరికరం తగిలించగానే దాన్ని కనిపెట్టి కంప్యూటరుకు కబురు చెబుతుంది. అప్పుడు కంప్యూటరు ఆ ఒక్క పోర్టును రీసెట్ చేయిస్తుంది. ఆ క్షణంలో కొత్త పరికరం చిరునామా సున్నా. "నువ్వెవరు?" అని అడిగి, జవాబు విని, కంప్యూటరు దానికి సొంత చిరునామా ఇస్తుంది. చిరునామాకు 7 బిట్లు కనుక మొత్తం 128. సున్నా కొత్తవారికే ఉంచాలి కనుక మిగిలేవి 127. హబ్‌లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి సుమా!

హబ్‌కు హబ్ తగిలించుకుంటూ ఎంత దూరమైనా పోవచ్చా? పోలేం. వరుసలో 5 హబ్‌లకు మించకూడదు. ఒక్కో తీగ 5 మీటర్లనుకుంటే చివరి పరికరం దాకా 30 మీటర్లు. ప్రతి హబ్, ప్రతి మీటరు తీగ కొంత ఆలస్యం కలుపుతాయి. జవాబు కోసం కంప్యూటరు ఎదురుచూసే సమయమేమో చాలా తక్కువ.

2000 ఏప్రిల్‌లో యు.ఎస్.బి. 2.0 వచ్చి వేగం సెకనుకు 12 మెగాబిట్ల నుంచి 480 మెగాబిట్లకు పెరిగింది. మరి 1.5 మెగాబిట్ల మౌసు అదే దారిలో ఉంటే? గూడ్సు బండిని లూప్ లైనులో నిలిపి ఎక్స్‌ప్రెస్‌ను పంపడం మీరు చూసే ఉంటారు. కొత్త హబ్ చేసింది అదే. మౌసు పనిని కంప్యూటరు హబ్‌కు అప్పగించి, ఈలోగా డిస్కుతో మాట్లాడి, తిరిగి వచ్చి ఫలితం తీసుకుంటుంది. అయినా ఆ 480 మెగాబిట్లు అన్ని పరికరాలూ పంచుకోవలసినవే.

యాపిల్ పెంచిన ఫైర్‌వైరు, మన పోలికలో చెప్పాలంటే, హిజ్లీ దారి. 1995లో ప్రమాణమైన నాటికే దాని వేగం 400 మెగాబిట్లు. రెండు వీడియో కెమెరాలు కంప్యూటరు లేకుండానే నేరుగా మాట్లాడుకోగలిగేవి. సాంకేతికంగా అదే మేలైనదని నా అభిప్రాయం. కానీ ఆ తెలివి ప్రతి పరికరంలోనూ ఉండాలి, దానికి ఖర్చవుతుంది. దానికి తోడు యాపిల్ మొదట పోర్టుకు 1 డాలరు రుసుము అడిగింది. తరువాత తగ్గించినా, అప్పటికే తయారీదారుల మనసు అటునుంచి మళ్లింది. యు.ఎస్.బి.లో భారమంతా కంప్యూటరుదే. మౌసు చవక, హబ్ చవక.

ఆ చవకకు ఒక షరతు ఉంది. యు.ఎస్.బి. 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. సొంత అడాప్టరు లేని హబ్ అందులో 100 తాను వాడుకొని, నాలుగు పోర్టులకు తలా 100 పంచుతుంది. దానికి బయటి హార్డ్ డిస్కు తగిలిస్తే అది తిరగదు, లేదా ఫైళ్లు ఎక్కుతుండగా మధ్యలో ఆగిపోతుంది. ఏడాది ప్రాజెక్టు అందులో ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. డిస్కుకైతే అడాప్టరున్న హబ్ వాడండి, లేదా నేరుగా కంప్యూటరుకే తగిలించండి.

2008 నవంబరులో వచ్చిన యు.ఎస్.బి. 3.0తో వేగం 5 గిగాబిట్లయింది. అంతకుముందు హబ్ కంప్యూటరు మాటను అన్ని పోర్టులకూ వినిపించేది. ఇప్పుడు ఎవరికి చెందినదో ఆ పోర్టుకే పంపడం నేర్చుకుంది.

హబ్ గురించి చెప్పేటప్పుడు నేను వేగం కన్నా ముందు చెప్పాలనుకునే విషయం ఒకటుంది. మన పల్లె బడుల్లో ఒక కంప్యూటరు చుట్టూ నలుగురైదుగురు పిల్లలు మూగడం మామూలే. మౌసు మాత్రం ఒక్కరి చేతిలోనే ఉంటుంది, మిగిలినవారు చూస్తూ ఉండిపోతారు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఉదయ్ సింగ్ పవార్, జోయోజీత్ పాల్, కెంటారో తొయామా 2006-07 ప్రాంతంలో ఒకే కంప్యూటరుకు ఎన్నో మౌసులు తగిలించి, తెరమీద ఒక్కో బిడ్డకూ ఒక్కో రంగు బాణం ఇచ్చి చూశారు. ప్రతి మౌసుకూ సొంత చిరునామా ఉండబట్టే అది సాధ్యమైంది. మొదట నొక్కినవారిదే జవాబు అన్నప్పుడు పిల్లలు ఆలోచించకుండా పోటీపడి నొక్కారు. అందరూ ఒకే జవాబు మీద నొక్కితేనే తరువాతి ప్రశ్న అన్నప్పుడు, ఒకరినొకరు అడిగి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.