లిఫ్టు తలుపు మీది మాట



ఈ మధ్య ఒకరోజు పొద్దున్న మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, సర్వీసు అంటే ఏందమ్మా?" అని అడిగింది. మేముండేది హైటెక్ సిటీ దగ్గర ఒక ఎత్తయిన అపార్ట్‌మెంటులో. మాకు మూడు లిఫ్టులున్నాయి. ఆ వారమే మూడోదాని తలుపు మీద ఇంగ్లీషులో ‘సర్వీస్’ అని బోర్డు తగిలించారు. పనివాళ్ళు, డ్రైవర్లు, సరుకులు తెచ్చే కుర్రాళ్ళు ఇకమీదట అందులోనే ఎక్కాలట.

"సర్వీసంటే సేవ, ఉద్యోగం అని కూడా అంటారు" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "మీ పెద్దబాబు చేసేది గూడ సర్వీసుల కంపెనీల పనే అంటిరి గదమ్మా! మరి బాబు అండ్ల ఎందుకు ఎక్కడు?" అంది.

నాకు నోట మాట రాలేదు. మావాడు నిజంగానే ఐటీ సర్వీసెస్ కంపెనీలో పని చేస్తున్నాడు. ఆ మాట చెప్పుకుని పొంగిపోయేది కూడా నేనే. ఒకే మాట మావాడికి గౌరవం, ఆవిడకి వేరే తలుపు ఎలా అయిందీ?

నా చదువు మెట్రిక్‌తో ఆగిపోయింది. అయినా రేడియో ప్రసంగాల ధర్మమా అని పుస్తకాలు తిరగేసే అలవాటు పోలేదు. ఆ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని నిఘంటువు ముందేసుకుని కూచున్నాను. ఒక మాటలోంచి ఇంకో మాటలోకి పోతూ ఉంటే, ఎక్కువవాళ్ళనీ తక్కువవాళ్ళనీ చెప్పడానికి మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటలకి ఎంత చరిత్ర ఉందో తెలిసి ఆశ్చర్యపోయాను.

సర్వీస్ అన్న మాటకి మూలం లాటిన్ భాషలోని ‘సెర్వుస్’. అంటే బానిస. సర్వెంటు, సర్వీసు, హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే సర్వరు, ఆఫీసులో రాత్రింబవళ్ళు నడిచే కంప్యూటర్ సర్వరు, ఇవన్నీ ఆ ఒక్క తల్లి పిల్లలే. చూశారా! ఆ కుటుంబంలో కొందరు ఏసీ గదుల్లోకి చేరారు, కొందరు మెట్లకిందే ఉండిపోయారు.

మరి మనల్ని పిలిచే ‘లేడీ’ సంగతో? ఇది వింటే మీరు నవ్వుతారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి రొట్టెపిండి పిసికే ఆమె అని అర్థమట! ‘లార్డ్’ అంటే రొట్టెకి కాపలా కాసేవాడు. వాళ్ళ పంచన బతికేవాణ్ణి ‘రొట్టె తినేవాడు’ అనేవారు. పిండి పిసకడం పోయింది, పెద్దరికం మిగిలింది. ఇవాళ చపాతీపిండి పిసికే ఆవిడ మెయిడ్ అయింది, సోఫాలో కూచున్న మనం లేడీలమయ్యాం.

ఇక అన్నిటికంటే పెద్ద మాట ‘క్లాస్’. దీని పుట్టిల్లు రోము నగరం. సెర్వియస్ టుల్లియస్ అనే రాజు ప్రజల్ని లెక్కపెట్టించి, ఎవరి ఆస్తిని బట్టి వాళ్ళని అయిదు తరగతులుగా విడదీశాడని వాళ్ళ చరిత్రకారులు రాశారు. యుద్ధానికి ఎవరు ఎలాంటి కవచం తెచ్చుకోగలరో, ఎవరి వోటుకి ఎంత బరువో తేల్చడానికి ఈ లెక్క. మొదటి తరగతి వాళ్ళని చెప్పే మాటలోంచే ‘క్లాసిక్’ వచ్చింది. ఏ ఆస్తీ లేనివాళ్ళని ‘ప్రొలెటారీ’ అన్నారు, అంటే దేశానికి ఇవ్వడానికి పిల్లలు తప్ప ఇంకేమీ లేనివాళ్ళని. గమనించండి, ఈ పేర్లు జనం పెట్టుకున్నవి కావు. లెక్క రాసేవాడు పెట్టినవి.

ఇంగ్లండులో కూడా చాలాకాలం హోదా, అంతస్తు అనే అర్థమిచ్చే పాతమాటలే వాడేవారు. యంత్రాలొచ్చి, ఫ్యాక్టరీలు పెరిగి, పల్లెజనం పట్నాలకి తరలిన రోజుల్లో, అంటే సుమారు 1770 నుంచి 1840 లోపల, పై క్లాసు, మధ్య క్లాసు, పనివాళ్ళ క్లాసు అనడం స్థిరపడింది.

మన దేశంలో మామూలు జనం ఈ మాటని ఎక్కువగా చూసింది రైలుపెట్టె మీదే అనుకుంటాను. ఫస్టుక్లాసు, సెకండుక్లాసు, థర్డుక్లాసు! 1974లో మన రైళ్ళలో థర్డుక్లాసు ఎత్తేశారు. పెట్టె మీద అక్షరాలు చెరిగాయి గానీ మన నోట్లో చెరిగాయా? నచ్చని మనిషిని "థర్డుక్లాసు మనిషి" అని ఇప్పటికీ అంటూనే ఉన్నాం.

సినిమాహాళ్ళలో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ ఉండేవి గుర్తుందా? మా తెనాలిలో బెంచి టిక్కెట్టంటే చులకన. ఇప్పుడేమో మావాడి ఆఫీసులో ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాణ్ణి "బెంచి మీదున్నాడు" అంటారు. ఆ మాట వింటే వాళ్ళ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ ముద్ద దిగదు. జీతం లక్షల్లో ఉన్నా బెంచి బెంచే!

ఇక మేముండే చోటు సంగతి. నేను 2001లో తెనాలి నుంచి కాపురానికి వచ్చాను. మా వైపు "బస్తీకి వెళ్ళొస్తా" అంటే పట్నానికి వెళ్ళొస్తానని. బస్తీ పిల్ల అంటే షోకైన పిల్ల. ఇక్కడికొచ్చిన కొత్తలో పక్కింటావిడతో, "మీది బస్తీయేనా?" అని మర్యాదగా అడిగాను. ఆవిడ మొహం ముడుచుకుంది. హైదరాబాదులో బస్తీ అంటే పేదవాళ్ళ పేట అని అప్పుడు తెలిసింది. ఉర్దూలో బస్నా అంటే నివసించడం. బస్తీ అంటే ఉత్తపుణ్యాన మనుషులు కాపురముండే చోటు, అంతే. ‘స్లమ్’ కూడా మొదట అంతేనట. 1812 నాటి లండను సందుభాషలో దానికి గది అనే అర్థం. పేదవాడు ఎక్కడ కాపురముంటే ఆ చోటి పేరుకి కూడా మకిలి అంటుకుంటుంది. అందుకే 2018లో ఈ నగరంలో బస్తీ దవాఖానాలు తెరిచినప్పుడు, ఆ మాట సర్కారీ బోర్డు మీద గౌరవంగా కనిపిస్తే నాకెందుకో సంతోషమేసింది.

సైబర్ టవర్స్‌ని 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయిగారు ప్రారంభించారు. అంతకుముందు మాదాపూర్ ఒక పల్లె, చుట్టూ రాళ్ళగుట్టలు. ఆ గుట్టలు పగిలి అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో మా పనావిడ పాలమూరు నుంచి వచ్చి ఇటుకలు మోసిందట. "అప్పుడు గీ లిఫ్టు లేకుండె, మెట్ల మీదనే ఎక్కేది" అంటుంది. ఆ మెట్లు ఎక్కినప్పుడు ఎవరూ ఏ తలుపనీ అడగలేదు మరి.

ఒకరు పెట్టిన పేరుని మోస్తూ ఉండిపోవాల్సిందేనా అని మీరు అడగవచ్చు. అక్కర్లేదని చూపించినాయన మన హైదరాబాదులోనే ఉన్నారు. ఆయన భాగ్యరెడ్డి వర్మగారు. 1888లో పుట్టారు. అంటరానివాళ్ళని దూరం పెట్టిన తమ కులస్థుల పిల్లలకోసం బడులు పెట్టారు. 1917 నవంబరులో బెజవాడలో ఒక పెద్ద సభ జరిగింది. దాని పేరులో ‘పంచమ’ అన్న మాట ఉంది. అంటే నాలుగు వర్ణాలకీ బయట నిలబెట్టిన అయిదోవాళ్ళని. అధ్యక్షత వహించడానికి వెళ్ళిన వర్మగారు, ఆ మాట మాది కాదు, మేము ఈ నేలకి మొదటివాళ్ళం అని వాదించారు. సభ పేరే ‘ఆది ఆంధ్ర’ అని మారింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరుని ఒప్పుకుంది. 1931లో నిజాం రాజ్యపు జనాభా లెక్కల్లో ‘ఆది హిందూ’ అన్న పేరు ఎక్కింది. లెక్క రాసేవాడి చేతిలోని కలాన్ని లెక్కలో ఉన్నవాళ్ళే పట్టుకుని తిప్పారన్నమాట!

పేరు మారితే ఆకలి తీరుతుందా అంటారేమో. తీరదు. ఆ మాట వర్మగారికీ తెలుసు, అందుకే పేరుతోపాటు బడి కూడా పెట్టారు. మొన్న మా అపార్ట్‌మెంటు సమావేశంలో, సామాన్ల లిఫ్టు సామాన్లకే ఉంచుదాం, మనుషులు ఏ లిఫ్టులోనైనా ఎక్కొచ్చని రాద్దాం అన్నాను. కొందరు తలూపారు. కొందరు, "శుభ్రత సంగతేమిటండీ?" అన్నారు. వాళ్ళ గిన్నెలూ, బాత్‌రూములూ శుభ్రం చేసేది ఎవరో వాళ్ళకి గుర్తు రాలేదు పాపం! బోర్డు ఇంకా అలాగే ఉంది. వచ్చే నెల మళ్ళీ అడుగుతాను.

ఈలోపల నా చేతిలో ఉన్నదొకటి చేశాను. మా చిన్నాడు ఫోనులో స్నేహితుడితో "మెయిడ్ వచ్చింది, ఆగు" అంటూంటే పిలిచి, ఆవిడ పేరేమిటిరా అని అడిగాను. ఆరేళ్ళుగా వాడికి టిఫిను పెడుతున్న మనిషి పేరు వాడికి తెలియదు. తప్పు వాడిదా, నాదా? పేరు చెప్పి, పెద్దమ్మా అని పిలవమన్నాను. మొదటిసారి పిలిచినప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అనుకుని.

మీ ఇంట్లో కూడా ఒక్కసారి పిల్లల్ని అడిగి చూడండి. సెలవు.