లూపు దోషాలు (ప్రోగ్రామింగు)

కంప్యూటరు ప్రోగ్రామింగులో కొన్ని ఆదేశాలను ఒక షరతుకు లోబడి మళ్ళీ మళ్ళీ అమలు చేయించే నిర్మాణాన్ని లూపు అంటారు. లూపు అనుకున్నన్ని సార్లు తిరగకపోవడం, లేదా తిరిగిన ప్రతిసారీ చేయవలసిన పని చేయకపోవడం వలన కలిగే తప్పులను లూపు దోషాలు అంటారు. కొత్తగా ప్రోగ్రామింగు నేర్చుకొనేవారికి ఇవి తరచు ఎదురవుతాయి. ఇటువంటి ప్రోగ్రాములో వాక్యనిర్మాణం సరిగానే ఉంటుంది కనుక కంపైలరు సాధారణంగా తప్పు చూపదు. ఫలితాన్ని పరిశీలించి మనిషే దోషాన్ని గుర్తించాలి.

రకాలు

ఒకటి తేడా దోషం: 1 నుండి 5 వరకు గల సంఖ్యలను కూడవలసినపుడు షరతును "5 కంటె తక్కువ" అని వ్రాస్తే లూపు నాలుగుసార్లే తిరుగుతుంది. మొత్తం 15కు బదులు 10 వస్తుంది. ఆదోని నుండి ఎమ్మిగనూరు వైపు 10 కిలోమీటర్ల మేర, మొదటి చోటుతో సహా, కిలోమీటరుకొక రాయి నాటడానికి 11 రాళ్ళు కావాలి. 10 అనుకోవడం కూడా ఈ దోషమే. సి, జావా, పైథాన్ భాషలలో జాబితా వరుస సంఖ్య 0తో మొదలవుతుంది. అందుచేత 10 అంశాల జాబితాలో చివరి అంశపు సంఖ్య 9.

తప్పు చోట ప్రారంభ విలువ: మొత్తాన్ని సున్న చేసే ఆదేశం లూపు లోపల ఉంటే, పై లెక్కలో చివరకు 5 మాత్రమే మిగులుతుంది.

అనంత లూపు: షరతు ఎప్పటికీ తప్పకపోతే లూపు ఆగదు. 2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్టు వారి 30 గిగాబైట్ల జూన్ సంగీత పరికరాలు ఈ కారణంగానే స్తంభించాయి. రోజుల సంఖ్య 365 కంటె ఎక్కువగా ఉన్నంతసేపు వాటి గడియారపు లూపు తిరుగుతుంది. లీపు సంవత్సరమైతే, ఆ సంఖ్య 366 కంటె ఎక్కువ ఉన్నపుడే తీసివేత జరుగుతుంది. సరిగ్గా 366వ రోజున తీసివేతా జరగలేదు, లూపూ ఆగలేదు.

తెలుగు పాఠంపై లూపులు

కర్నూలు జిల్లాలోని గ్రామమైన "జొన్నగిరి" పేరులో కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు. పైథాన్ 3లో ఈ పేరుపై లూపు 9 సార్లు తిరుగుతుంది. యూనికోడ్‌లో హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు వేర్వేరు సంకేతాలు కావడమే ఇందుకు కారణం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కనుక, సి భాషలో బైట్లను లెక్కించే లూపు 27 సార్లు తిరుగుతుంది. ఇక్కడ లూపు తప్పు కాదు, దేనిని లెక్కిస్తున్నామన్న ఊహ తప్పు. ఇదే పేరును సంకేతాలవారీగా తిరగవేస్తే మొదటి గుడి హల్లు లేకుండా విడిగా మిగులుతుంది, మిగిలిన గుణింతాలు పక్క హల్లులకు మారిపోతాయి.

దోషాన్ని కనుగొనే విధానం

కాగితంపై పట్టిక గీసి, ఒక్కొక్క చుట్టుకు చలరాశుల విలువలను వ్రాయడం సులభమైన పద్ధతి. మొదటి ఉదాహరణలో మొత్తం వరుసగా 1, 3, 6, 10 అవుతుంది. ఆపై సంఖ్య 5 కాగానే షరతు తప్పి లూపు ఆగుతుంది. 5 కలవలేదని పట్టికే చూపుతుంది. లూపు లోపల విలువలను ముద్రించినా, డీబగ్గరు సహాయంతో ఒక్కొక్క ఆదేశాన్ని నడిపించినా ఇదే తెలుస్తుంది. దోషాలు ఎక్కువగా మొదటి, చివరి చుట్లలో ఉంటాయి కనుక ఖాళీ జాబితాతోను, ఒకే అంశం గల జాబితాతోను తప్పక పరీక్షించాలి. షరతును ఊహ మీద మార్చి చూస్తే ఒక లెక్కకు సరైన ఫలితం రావచ్చు గాని దోషం అలాగే ఉండిపోవచ్చు.

ఇవి కూడా చూడండి

ప్రోగ్రామింగు భాష
పైథాన్
యూనికోడ్