మన మాట రేడియోలో వినిపించిన రోజులు



పుస్తకాల్లో చోటు దొరకని భాషలకు రేడియోనే పెద్ద దిక్కు. చదువు రాని అవ్వ కూడా వినగలదు, మాట్లాడగలదు.

నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. 1986లో ఆదిలాబాద్ కేంద్రం వచ్చాక అక్కడి నుంచి గోండి కూడా ప్రసారమైంది. గూడెం మాటకు సర్కారు మైకు దొరికింది.

తర్వాత టీవీ, సెల్‌ఫోన్ వచ్చి ఇంటి రేడియో అటకెక్కింది. ప్రైవేటు ఎఫ్ఎంలు ప్రకటనలు దొరికే నగరాల్లోనే పెరిగాయి. అలియాబాద్‌లో మా హాస్టల్ పిల్లలకు సినిమా పాటలన్నీ నోటికి వచ్చు, తాత పాట రాదు.

అయినా దారి మూసుకుపోలేదు. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో అవకాశం వచ్చింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో మొదలైన సంగం రేడియోను పల్లెటూరి దళిత మహిళలే నడిపారు. విత్తనాలు, పంటలు, పాటల గురించి తమ యాసలోనే చెప్పారు.

పొలం పనులు చేసుకునే ఆ అక్కలు చేయగలిగింది చదువుకున్న మీరు చేయలేరా? సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వ పాట, తాత కథ ఫోన్‌లో రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ కూడా చెప్పించండి. రేపు మనకంటూ ఒక రేడియో వస్తే, అందులో వినిపించడానికి మన గొంతులు మిగిలి ఉండాలి కదా!